పాత గాయం, కొత్త ధర

2023 అక్టోబరు 9న ముంబయిలో ప్రో కబడ్డీ లీగ్ పదో సీజన్ వేలంపాట జరిగింది. పవన్ సెహ్రావత్ పేరు రాగానే పాట కోటి దాటింది, రెండు కోట్లు దాటింది. చివరికి 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తెలుగు టైటాన్స్ అతన్ని దక్కించుకుంది. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. జట్టంతటినీ కూర్చుకోవడానికి ఒక్కో యాజమాన్యానికి అనుమతించిన సొమ్ము 5 కోట్లు. అందులో సగానికి పైగా ఒక్క మనిషికే పోయింది.

ఆ మనిషి అంతకుముందు సీజన్‌లో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ సాంతం కాదు. 2022లో తమిళ్ తలైవాస్ అతన్ని 2 కోట్ల 26 లక్షలకు కొనుక్కుంది. అప్పటికి అదే రికార్డు. అక్టోబరు 8న గుజరాత్ జెయింట్స్‌తో తొలి మ్యాచ్‌లోనే అతని మోకాలు దెబ్బతింది. ఆ సీజన్‌లో అతను మళ్ళీ బరిలోకి దిగలేదు. ఏడాది తిరిగేసరికి అదే మోకాలికి ఇంకా ఎక్కువ ధర కట్టింది మన జట్టు.

ఇలాంటి కొనుగోలు జరిగిన ప్రతిసారీ రెండు గొంతులు వినిపిస్తాయి. "వాడు కుదురుకుంటే ఇక మనకు తిరుగులేదు" అని సొంత అభిమానులు. "బూడిదలో పోసిన పన్నీరు, రెండు మ్యాచ్‌లకే ఆసుపత్రి పాలవుతాడు చూడండి" అని ఎదుటి జట్టు అభిమానులు. సంక్రాంతి వస్తే ఊరూరా కబడ్డీ పోటీలు పెట్టుకునే కృష్ణా డెల్టాలో, బందరు (మచిలీపట్నం) నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమ దాకా, ఈ వాదన కొత్తది కాదు. పక్క ఊరి జట్టు బయటినుంచి పేరున్న రైడర్‌ను తెచ్చుకుందంటే మొదట ఆరా తీసేది అతని మోకాలి సంగతే. ఈ వాదనలో వైద్యశాస్త్రం, గణితం, మనస్తత్వశాస్త్రం మూడూ కలిసి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

మోకాలి లోపల

తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి ఉంచే లిగమెంట్లలో ముఖ్యమైనది ఏసీఎల్. మోకాలి కీలు నడిమధ్యలో ఏటవాలుగా ఉంటుంది. కింది ఎముక ముందుకు జారిపోకుండా, కాలు మెలి తిరిగినప్పుడు కీలు పట్టు తప్పకుండా చూడటం దాని పని. నేరుగా నడిచేటప్పుడు దానిమీద పడే భారం తక్కువ. పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగినా, పాదం నేలకు అతుక్కుని ఉండగా ఒళ్ళు పక్కకు తిరిగినా, ఎగిరి ఒంటికాలి మీద దిగినా భారమంతా దానిమీదే పడుతుంది.

కబడ్డీలో రైడర్ కూతకు వెళ్ళిన 30 సెకన్లలో చేసేవన్నీ ఇవే. బోనస్ గీత కోసం కాలు చాపడం, బెదిరించి వెనక్కి మళ్ళడం, నలుగురు మీద పడుతుంటే వాళ్ళ మీదుగా ఎగరడం. పవన్‌కు హై ఫ్లయర్ అన్న పేరు వచ్చిందే అలా ఎగరడం వల్ల. దానికి తోడు ఈ ఆటలో ప్రత్యర్థి పట్టుకునేది కాలినే. చీలమండ ఒకరి చేతిలో బిగుసుకుని ఉండగా నడుము ఇంకోవైపు లాగుతుంటే ఆ మెలి అంతా మోకాలికి చేరుతుంది.

చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మీదుగా కొత్త కణజాలం అల్లుకుని అతుక్కుంటుంది. ఏసీఎల్ కీలు లోపలి ద్రవంలో ఉంటుంది. తెగిన చోట గడ్డ నిలవదు, ద్రవంలో కలిసిపోతుంది. రక్త ప్రసరణా అంతంతమాత్రం. అందుకే పూర్తిగా తెగిన లిగమెంటు దానంతట అది అతుక్కోవడం అరుదు. మళ్ళీ మెలికలు తిరిగే ఆట ఆడాలనుకునేవారికి సాధారణంగా వైద్యులు తొడ వెనుక కండరం నుంచో, మోకాలిచిప్ప కింది నుంచో కొంత స్నాయువు తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, తెగిన లిగమెంటు స్థానంలో అమర్చుతారు.

అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. అమర్చిన స్నాయువుకు మొదట్లో రక్తనాళాలు ఉండవు. అందులోని కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు పుట్టి, కొత్త కణాలు చేరి, అది మెల్లగా లిగమెంటుగా మారుతుంది. అలా మారే క్రమంలో మొదటి కొన్ని నెలలు అది అమర్చిన రోజుకంటే బలహీనంగా ఉంటుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది, కొందరిలో అంతకంటే ఎక్కువే పడుతుంది. మనిషికేమో నాలుగో నెలకే నొప్పి పోతుంది, వాపు తగ్గుతుంది, పరుగెత్తగలుగుతాడు. తనకు నయమైందని అతను అనుకుంటాడు. లోపలి కణజాలం మాత్రం ఇంకా సిద్ధం కాదు.

నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి ఏసీఎల్ శస్త్రచికిత్స చేయించుకున్న క్రీడాకారులను గమనించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటలోకి తిరిగి రావడాన్ని తొమ్మిదో నెల దాకా వాయిదా వేసే కొద్దీ, ఒక్కో నెలకు మళ్ళీ గాయపడే అవకాశం దాదాపు సగం చొప్పున తగ్గుతూ వచ్చింది. తొమ్మిది నెలలు ఆగడం, దెబ్బ తిన్న కాలి బలం రెండో కాలి బలానికి సమానం కావడం, ఈ రెండూ కుదిరాకే దిగినవారిలో మళ్ళీ గాయాలు చాలా తక్కువ.

"గాయాల పుట్ట" అనే ముద్ర

రెండు మూడుసార్లు గాయపడ్డ ఆటగాడి మీద ఒక ముద్ర పడుతుంది. అతని ఒళ్ళే అంత, ముట్టుకుంటే విరిగిపోతాడు అంటారు. ఇందులో నిజం ఎంత, భ్రమ ఎంత?

మొదట భ్రమ సంగతి. ఒక చిన్న లెక్క వేద్దాం. లీగ్‌లో 240 మంది ఆటగాళ్ళున్నారనుకుందాం. అందరి శరీరాలూ సరిగ్గా ఒకేలా ఉన్నాయని, ఒక సీజన్‌లో పెద్ద గాయమయ్యే అవకాశం ప్రతి ఒక్కరికీ అయిదింట ఒకటని ఊహించుకుందాం. మొదటి సీజన్‌లో 48 మంది గాయపడతారు. వాళ్ళలో రెండో ఏడాది కూడా గాయపడేవారు సుమారు 10 మంది. మూడో ఏడాదీ గాయపడేవారు ఇద్దరు. ఆ ఇద్దరి ఒంట్లో మిగతావారికంటే ఏ లోపమూ లేదు. వరసగా మూడుసార్లు దురదృష్టం తగిలింది, అంతే. కానీ లోకం వాళ్ళను గాయాల పుట్టలంటుంది, వాళ్ళ ధర కోస్తుంది. ఇలాంటి ఆటగాణ్ణి తక్కువ ధరకు పట్టుకున్న జట్టు నిజంగా తెలివైన జట్టు.

ఇక నిజం సంగతి. అందరి అవకాశాలూ సమానం కావు. రాబోయే గాయాన్ని ముందుగా చెప్పగల సూచనల్లో అన్నిటికంటే బలమైనది పాత గాయమే. తొడ వెనుక కండరం ఒకసారి చిట్లిన ఆటగాడికి అది మళ్ళీ చిట్లే అవకాశం, ఎప్పుడూ చిట్లనివారికంటే రెండున్నర రెట్లకు పైగా ఉంటుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. ఏసీఎల్ చికిత్స తర్వాత ఆటలోకి తిరిగి వెళ్ళిన 25 ఏళ్ళలోపువారిలో నూటికి సుమారు 23 మందికి అదే మోకాలిలోనో, రెండో మోకాలిలోనో మళ్ళీ ఏసీఎల్ తెగింది.

రెండో మోకాలికి ఎందుకు తెగాలి? లిగమెంటులో నరాల కొసలు ఉంటాయి. కీలు ఏ కోణంలో ఉందో, ఎంత భారం మోస్తోందో అవి క్షణక్షణం మెదడుకు తెలియజేస్తాయి. అది తెగినప్పుడు ఆ సమాచారమూ తెగిపోతుంది. మనిషి తనకు తెలియకుండానే దెబ్బ తిన్న కాలిని కాపాడుకుంటూ, భారమంతా మంచి కాలి మీద వేస్తాడు. దానికి భయం తోడవుతుంది. ఎగరాలా వద్దా అన్న అర క్షణం తడబాటు చాలు, కాలు తప్పుగా పడటానికి. శస్త్రచికిత్స తర్వాత ఏదో ఒక ఆటలోకి తిరిగొచ్చినవారు నూటికి 81 మంది ఉంటే, మునుపటిలా పోటీల స్థాయికి చేరుకున్నవారు 55 మందేనని 2014లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది. ఆ తేడాలో ఒంటి బలంతో పాటు మనసులోని భయానికీ వాటా ఉందని పరిశోధకులు గుర్తించారు.

అంటే ఆటగాడి గాయాల చిట్టాలో కొంత అదృష్టం, కొంత జీవశాస్త్రం, కొంత తొందరపాటు కలిసి ఉంటాయి. ఏది ఎంతో విడదీయగలవాడే వేలంలో సరైన ధర కట్టగలడు.

ఎక్కువ పాడినవాడికే నష్టం ఎందుకు?

బందరు పక్కన గిలకలదిండి హార్బరులో బోట్లు తిరిగొచ్చాక చేపల పాట మొదలవుతుంది. కుప్ప చుట్టూ చేరిన వ్యాపారులు వంజరం మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, చందువ కన్ను చూస్తారు, వేలితో నొక్కి కండ గట్టితనం చూస్తారు. అయినా కుప్ప అడుగున ఏముందో ఎవరికీ పూర్తిగా కనబడదు. అయిదుగురు అయిదు అంచనాలు వేస్తారు. ఒకరిది తక్కువ, ఒకరిది ఎక్కువ, మిగిలినవారివి నడుమ. అసలు విలువ చాలాసార్లు ఆ నడుమ ఎక్కడో ఉంటుంది. కానీ సరుకు దక్కేది అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడికి. కాబట్టి గెలిచినవాడు విలువకు మించి చెల్లించే ప్రమాదం పాట స్వభావంలోనే ఉంది. ఆరితేరిన వ్యాపారి ఈ సంగతి ఎరిగి, తన అంచనాకంటే ఒక మెట్టు కిందే ఆగిపోతాడు.

దీన్ని మొట్టమొదట శాస్త్రీయంగా రాసింది చమురు కంపెనీలో పనిచేసే ముగ్గురు ఇంజనీర్లు: కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్. మెక్సికో సింధుశాఖలో సముద్ర గర్భ చమురు కోసం వేలంలో గెలిచిన కంపెనీలకు ఆశించినంత లాభాలు ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు 1971లో వారిచ్చిన జవాబు ఇదే. ఆర్థిక శాస్త్రం దీన్ని విజేత శాపం అంటుంది. ఆటగాడి మోకాలు కూడా అడుగు కనబడని సరుకే. దాని గురించి ఎక్కువ తెలిసింది అంతకుముందు అతన్ని ఉంచుకున్న జట్టుకు. ఆ జట్టు వదిలేసిందంటే కొనేవాడు ఎందుకు వదిలిందో ఆలోచించుకోవాలి.

అమెరికా బేస్‌బాల్‌లో ఇందుకు కళ్ళు తెరిపించే ఉదాహరణ ఉంది. 2022 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు కార్లోస్ కొరియా అనే ఆటగాడితో 13 ఏళ్ళకు 35 కోట్ల డాలర్ల ఒప్పందానికి సిద్ధమైంది. వైద్య పరీక్షల్లో కుర్రతనంలో కాలికి జరిగిన పాత శస్త్రచికిత్స మీద సందేహం వచ్చి ఆగిపోయింది. వెంటనే న్యూయార్క్ మెట్స్ 12 ఏళ్ళకు 31 కోట్ల 50 లక్షల డాలర్లంటూ ముందుకొచ్చింది. వాళ్ళ వైద్యులకూ అదే సందేహం కలిగింది. చివరికి 2023 జనవరిలో అతను తన పాత జట్టు మిన్నెసోటా ట్విన్స్‌తోనే 6 ఏళ్ళకు 20 కోట్ల డాలర్లకు కుదుర్చుకున్నాడు. నెల తిరగకుండా ఒకే కాలికి మూడు ధరలు. ఆ కాలితో అప్పటికే ఏళ్ళ తరబడి ఆడుతూనే ఉన్నాడతను. వైద్యులు చూసింది అప్పటి నొప్పిని కాదు, పదేళ్ళ తర్వాతి అవకాశాన్ని.

దీనికి ఎదురుగా నిలిచే కథ కూడా బేస్‌బాల్‌దే. 1974 సెప్టెంబరు 25న లాస్‌ఏంజిలస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఎడమ మోచేతిలో తెగిన లిగమెంటు స్థానంలో కుడి మణికట్టు నుంచి తీసిన స్నాయువు అమర్చాడు. అలాంటి శస్త్రచికిత్స అంతకుముందు ఏ పిచర్‌కూ జరగలేదు. ఏడాదిన్నర ఓపిక పట్టి టామీ జాన్ తిరిగొచ్చాడు. మొత్తం 288 విజయాల్లో 164 ఆ శస్త్రచికిత్స తర్వాతే సాధించాడు. అతని ఆట ముగిసిందని 1974లో ఎవరైనా చేతులు దులుపుకుని ఉంటే, పెద్ద ఆటగాణ్ణి పోగొట్టుకున్నవారయ్యేవారు.

మోకాలు నిలిచింది, జట్టు నిలవలేదు

మరి తెలుగు టైటాన్స్ పాట ఫలించిందా? మోకాలి విషయంలో ఫలించిందనే చెప్పాలి. పదో సీజన్‌లో పవన్ దాదాపు అన్ని మ్యాచ్‌లూ ఆడాడు. కూతల్లో 200కు పైగా పాయింట్లు తెచ్చాడు. భయపడిన గాయం తిరగబెట్టలేదు. అయినా టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే. పట్టికలో ఆఖరి స్థానం.

అతన్ని తొలి మ్యాచ్‌లోనే పోగొట్టుకున్న తమిళ్ తలైవాస్ మాటేమిటి? అదే తొమ్మిదో సీజన్‌లో వాళ్ళు తమ చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్ చేరారు. పవన్ లేని ఖాళీలో నరేందర్ అనే కొత్త కుర్రవాడు రైడర్‌గా ఎదిగి, తన మొదటి సీజన్‌లోనే 243 రైడ్ పాయింట్లు సాధించాడు.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, గాయం చుట్టూ జరిగే వాదన ఎంత ఇరుకైనదో తెలుస్తుంది. "వాడి మోకాలు నిలుస్తుందా?" అన్న ప్రశ్న దగ్గరే అభిమానులు ఆగిపోతారు. "వాడికి పెట్టిన సొమ్ము పోగా మిగిలిన దాంతో మిగతా ఆరుగురినీ ఎలా తెస్తాం?" అన్న ప్రశ్న అంతకంటే పెద్దది. కబడ్డీలో రైడర్ అవుటైతే, సాటివాళ్ళు ఎదుటివాణ్ణి అవుట్ చేసేదాకా బయటే కూర్చోవాలి. మూల డిఫెండర్లు బలహీనంగా ఉంటే ఎంత గొప్ప రైడర్‌కైనా బెంచీయే గతి. ఒక ఆటగాడి మీద సగం సొమ్ము పెట్టినప్పుడు, అతను గాయపడితే వచ్చే నష్టం ఒకటి, గాయపడకపోయినా వచ్చే నష్టం ఇంకొకటి.

2024లో టైటాన్స్ పవన్‌ను 1 కోటి 72 లక్షల 50 వేలకు అట్టిపెట్టుకుంది. ఆ పదకొండో సీజన్ నడుమ గాయంతో అతను కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. అయినా జట్టు ముందుటేడాదికంటే ఎంతో మెరుగుపడి, ప్లేఆఫ్స్ అంచు దాకా వెళ్ళి ఆగింది. 2025 వేలంలో తమిళ్ తలైవాస్ అతన్ని 59 లక్షల 50 వేలకే తిరిగి తీసుకుంది. రెండేళ్ళలో ధర నాలుగో వంతుకంటే తక్కువకు దిగింది. ఆగస్టు 29న విశాఖపట్నంలో పన్నెండో సీజన్ తొలి మ్యాచ్ పడింది ఈ రెండు జట్లకే. టైటాన్స్ సొంత గడ్డ మీద పవన్ ఎదుటి జట్టులో ఆడాడు, తలైవాస్ 38-35తో గెలిచింది. పవన్ లేని టైటాన్స్ మాత్రం విజయ్ మాలిక్ నాయకత్వంలో ఆ సీజన్‌లో ప్లేఆఫ్స్ చేరి, ఫైనల్‌కు ఒక్క అడుగు దూరంలో ఆగింది.

ఉప్పల్‌లో రెండు రోజులు

ఎదుటి అభిమానుల సంగతికి వస్తే, 2025 ఐపీఎల్‌లో హైదరాబాద్ ఉప్పల్ మైదానం మనకు రెండు ఉదాహరణలు ఇచ్చింది.

మొదటిది జోఫ్రా ఆర్చర్. 2022 వేలంలో ముంబయి ఇండియన్స్ అతన్ని 8 కోట్లకు కొన్నది, మోచేతి గాయం వల్ల ఆ ఏడాది ఆడలేడని తెలిసి మరీ. 2023లో అయిదు మ్యాచ్‌లు ఆడి, రెండు వికెట్లు తీసి, మళ్ళీ వెనుదిరిగాడు. తర్వాత రాజస్థాన్ రాయల్స్ 12 కోట్ల 50 లక్షలు పెట్టింది. 2025 మార్చి 23న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 286 పరుగులు చేసిన రోజున ఆర్చర్ 4 ఓవర్లలో 76 పరుగులిచ్చాడు. ఐపీఎల్ చరిత్రలో అప్పటిదాకా ఏ బౌలరూ ఒక మ్యాచ్‌లో అన్ని పరుగులు ఇవ్వలేదు.

రెండోది మహమ్మద్ షమి, ఈసారి మన జట్టువాడు. 2023 ప్రపంచ కప్‌లో 7 మ్యాచ్‌ల్లో 24 వికెట్లు తీసిన తర్వాత మడమకు శస్త్రచికిత్స జరిగి, 2024 ఐపీఎల్‌కు పూర్తిగా దూరమయ్యాడు. ఆ నవంబరులో సన్‌రైజర్స్ 10 కోట్లకు అతన్ని తీసుకుంది. 2025 ఏప్రిల్ 12న అదే ఉప్పల్‌లో పంజాబ్ కింగ్స్ మీద షమి 4 ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. ఆర్చర్‌కు ఒక్క పరుగు తక్కువ.

ఇంకో మూడు రోజులకు, ఏప్రిల్ 15న, తూర్పు తీరమంతటా చేపల వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. గిలకలదిండిలో వలలు బాగుచేసుకునే ఆ రోజుల్లో సాయంత్రాలు క్రికెట్‌వే. "ఆర్చర్ పని అయిపోయింది" అని నవ్వినవాళ్ళే షమి విషయానికి వచ్చేసరికి "పిచ్ అలాంటిది, బౌలర్ ఏం చేస్తాడు" అనడం బందరులోనే కాదు, క్రికెట్ చూసే ప్రతిచోటా వినిపించే మాటే. రెండు రోజులూ అదే పిచ్ తీరు, దాదాపు అవే పరుగులు. సొంతవాడి వైఫల్యానికి కారణం పరిస్థితుల్లో వెతుకుతాం, ఎదుటివాడి వైఫల్యానికి కారణం అతని ఒంట్లో వెతుకుతాం. ఆర్చర్ మాత్రం ఉప్పల్ మ్యాచ్ అయిన రెండు వారాలకే పంజాబ్ మీద 25 పరుగులిచ్చి 3 వికెట్లు తీసి, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఒక్క చెడ్డ రోజును బట్టి గాయం తిరగబెట్టిందని ఎవరూ చెప్పలేరు.

నవ్వు ఎక్కడ పుడుతుంది?

ప్రత్యర్థి పడిపోతే మనకు నిజంగానే సంతోషం కలుగుతుందా? కలుగుతుంది, అది మెదడులో కనబడుతుంది కూడా. మినా చికారా, ఆమె సహచరులు 2011లో అమెరికాలోని బద్ధశత్రు బేస్‌బాల్ జట్లు రెడ్‌సాక్స్, యాంకీస్ అభిమానులకు మ్యాచ్ దృశ్యాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. సొంత జట్టు గెలిచినప్పుడు మెదడులో ఆనందానికి సంబంధించిన ఏ భాగం చురుకయిందో, ప్రత్యర్థి జట్టు విఫలమైనప్పుడూ అదే భాగం చురుకయింది. ఆ ప్రత్యర్థి ఓడింది తమ చేతిలో కాకపోయినా, మూడో జట్టు చేతిలో అయినా సరే. అందులో ఇంకో విషయం ఆందోళన కలిగిస్తుంది. ఆ భాగం ఎవరిలో ఎక్కువ చురుకుగా ఉందో, వాళ్ళే ప్రత్యర్థి జట్టు అభిమానులను తిట్టడానికి, కొట్టడానికి కూడా వెనుకాడబోమని చెప్పారు.

2010లో జ్యూరిక్‌లో గ్రిట్ హైన్, టానియా సింగర్ బృందం ఫుట్‌బాల్ అభిమానుల మీద చేసిన ప్రయోగం గాయానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఎదుటి వ్యక్తి చేతికి నొప్పి కలిగిస్తుంటే చూడమన్నారు. తానూ ఆ నొప్పిలో సగం పంచుకుని అతనికి సాయపడవచ్చని చెప్పారు. సొంత జట్టు అభిమాని బాధపడుతుంటే మెదడులో సానుభూతికి సంబంధించిన భాగం ఎక్కువగా స్పందించింది, సాయపడ్డవారూ ఎక్కువే. ఎదుటి జట్టు అభిమాని విషయంలో రెండూ తగ్గాయి.

ఇంతవరకే ఆగితే మనిషి మీద నమ్మకం పోతుంది. ఆగనివ్వని అధ్యయనం 2005లో ఇంగ్లండ్‌లో జరిగింది. లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్క్ లెవిన్ బృందం మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులను పిలిచి, వాళ్ళ జట్టు గురించి రాయించింది. తర్వాత ఇంకో భవనానికి నడిచి వెళ్ళమంది. దారిలో ఒక మనిషి పరుగెత్తుతూ జారిపడి చీలమండ పట్టుకుని మూలుగుతాడు. అదంతా ముందే ఏర్పాటు చేసిన నటన. అతను యునైటెడ్ చొక్కా వేసుకుని ఉంటే దాదాపు అందరూ ఆగి సాయపడ్డారు. బద్ధశత్రువైన లివర్‌పూల్ చొక్కా వేసుకుంటే ఆగినవారు సుమారు మూడింట ఒక వంతు మాత్రమే.

తర్వాత అదే ప్రయోగాన్ని చిన్న మార్పుతో మళ్ళీ చేశారు. ఈసారి జట్టు గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమాని కావడంలో ఉన్న మంచి గురించి రాయించారు. అంతే తేడా. పడిపోయినవాడు లివర్‌పూల్ చొక్కాలో ఉన్నా, యునైటెడ్ అభిమానుల్లో నూటికి 70 మంది ఆగి సాయపడ్డారు. మనిషి మారలేదు, చొక్కా మారలేదు, వైరం మాసిపోలేదు. మనవాళ్ళు అనే గిరి కాస్త పెద్దదైంది.

పవన్ విషయంలో ఇదే జరగడం మనం కళ్ళారా చూశాం. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్‌లో అతను భారత కెప్టెన్. ఆట 28-28 వద్ద ఉండగా అతని కూత మీదే వివాదం రేగి, మ్యాచ్ చాలాసేపు ఆగింది. చివరికి భారత్ 33-29తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ రోజు తమిళనాడులో, కర్ణాటకలో, ఆంధ్రలో కబడ్డీ చూసినవారందరికీ ఆ మోకాలు తమదే. రెండు రోజుల తర్వాత వేలంలో అతను టైటాన్స్ వాడయ్యాడు. అదే మోకాలు ఆ క్షణం నుంచి పదకొండు జట్ల అభిమానులకు ఎదుటివాడి మోకాలు.

మన ఊరి మైదానానికి

కోట్ల రూపాయల మోకాలికి ఎమ్మారై ఉంటుంది, ఫిజియో ఉంటాడు, తొమ్మిది నెలలు ఆగే వెసులుబాటు ఉంటుంది. డెల్టా పల్లెల్లో ఆడే కుర్రవాడికి ఇవేవీ ఉండవు. మోకాలు టప్‌మని చప్పుడై, గంటల్లో వాచి, వారంలో వాపు తీసిందంటే బెణుకు అనుకుని కట్టు కట్టుకుని మళ్ళీ దిగుతాడు. ఆ చప్పుడు, ఆ వెంటనే వచ్చే వాపు ఏసీఎల్ తెగిందనడానికి ముఖ్యమైన సూచనలు. తెగిన లిగమెంటుతో ఆడితే ప్రతి మెలికా లోపలి మృదులాస్థిని చీల్చే ప్రమాదం ఉంది. పాతికేళ్ళకు మొదలైన నష్టం నలభై ఏళ్ళకు కీళ్ళ అరుగుదలగా మిగలవచ్చు. వల లాగి బతకాల్సినవాడికి, పొలంలో వంగి పనిచేయాల్సినవాడికి అది ఆటతో ముగిసే నష్టం కాదు.

ఖర్చు లేని నివారణ చాలానే ఉంది. ఫుట్‌బాల్ కోసం రూపొందించిన ఫిఫా 11 ప్లస్ అనే 20 నిమిషాల సన్నాహక వ్యాయామాలను క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. పరుగు, ఒంటికాలి మీద నిలకడ, ఎగిరి మోకాలు లోపలికి వంగకుండా దిగడం, ఇవే అందులో ఉన్నవి. మోకాళ్ళ మీద కూర్చుని, చీలమండలను వెనుక ఒకరు అదిమిపట్టగా, ఒంటిని మెల్లగా ముందుకు వంచే నార్డిక్ వ్యాయామం తొడ వెనుక కండరం చిట్లడాన్ని దాదాపు సగం తగ్గిస్తుంది. దీనికి మ్యాట్ అక్కర్లేదు, ఇసుక చాలు. తోడు ఒక స్నేహితుడు చాలు.

సంక్రాంతి పోటీలు పెట్టే పెద్దలు చేయగలిగినవి మూడున్నాయి. ఆటకు ముందు అన్ని జట్ల చేతా ఆ 20 నిమిషాలూ చేయించాలి. మోకాలు వాచినవాణ్ణి, ఎంత బతిమాలినా, వైద్యుడు చూసేదాకా దింపకూడదు. 2023 నుంచి మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది కాబట్టి ఎముకల వైద్యుణ్ణి అడగడానికి వెనుకాడనక్కర్లేదు. గాయపడిన ఆటగాడు ఏ ఊరివాడైనా సరే, అతన్ని ఆసుపత్రికి చేర్చే బాధ్యత పోటీ పెట్టిన ఊరిది కావాలి.

ఆటలో వైరం ఉండాలి. ఎదుటి రైడర్ దొరికిపోయినప్పుడు కేక పెట్టడానికే మైదానం చుట్టూ జనం చేరేది. ఆ కేక అతను అవుటయినందుకు పెట్టాలి, అతని కాలు మెలిపడినందుకు పెట్టకూడదు. ఆ తేడా పాటించే ప్రేక్షకులున్న ఊరికి మంచి ఆటగాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు, ఎక్కువ కాలం ఆడతారు, అక్కడి పిల్లలు మంచి కబడ్డీ చూస్తూ పెరుగుతారు.